ఊరి పేరు కథ బస్టాండ్ల రాసి పెట్టాలె

ఎడిటర్ గారికి నమస్కారం. మా బిడ్డ అమెరికాల ఇల్లినాయిస్‌ల ఉంటది, మేం పోయినప్పుడు లింకన్ అనే చిన్న ఊరికి తీస్కపోయింది, మనకు జిల్లా హెడ్‌క్వార్టర్ ఎట్లనో లోగన్ కౌంటీకి అది గట్ల. అబ్రహం లింకన్ ప్రెసిడెంట్ అయినంక పెట్టిన పేరనుకున్న, కాదు. 1853ల రైలు వస్తదని ముగ్గురు కలిసి అక్కడ జాగ తీస్కొని ప్లాట్లు చేసిన్రు, కాయితాలు రాసిచ్చిన వకీలు లింకన్, అందుకే ఆయన పేరు పెట్టిన్రు, ఆయన ప్రెసిడెంట్ అయింది 1861ల! ప్లాట్లు అమ్మిన రోజు, ఆగస్టు 27న, ఆయనే పుచ్చకాయ రసంతోని ఊరికి నామకరణం చేసిండని చెప్తరు. స్టేషన్ కాడ పుచ్చకాయ బొమ్మ సుత పెట్టుకున్నరు, అది చూసి నాకు మస్తు సంతోషమైంది, వెంటనే మన ఊరే యాదికొచ్చింది.

మన మహబూబ్‌నగర్‌కు 1890ల ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టిన్రు, అంతకుముందు రుక్మమ్మపేట, పాలమూరు అనేటోళ్లు. పాలు బాగ దొరికేవి కాబట్టి పాలమూరు అని కొందరు, పాలచెట్ల అడవి ఉండె కాబట్టి అని కొందరు అంటరు, రెండూ రాయొచ్చు కదా. మా మనవడు అడిగితే చూపిద్దామంటే బస్టాండ్ల గానీ రైల్వే స్టేషన్ల గానీ నాకైతే ఒక్క బోర్డు కనపడలే. 2016ల కొత్త జిల్లాలైన వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాలల కూడా పెద్దమనుషులను అడిగి రాయించాలని, ముందు మన బస్టాండ్ల ఒకటి పెట్టాలని అధికారులను కోరుతున్న.

- ఒక రిటైర్డ్ టీచర్, మహబూబ్‌నగర్