ప్రారంభం సాయంత్రం, మర్నాటి పొద్దు

విశాఖపట్నం

చి॥ పాపకు,

నాన్న ఆశీస్సులు. నీ స్నేహితురాలు వేసిన బొమ్మల మొదటి సోలో ఎగ్జిబిషన్‌కి శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నావని అమ్మ చెప్పింది. తిరుగు టికెట్ ఆదివారం సాయంత్రానికి తీసి మంచిపని చేశావు. ఆ హాలుకి రెండుసార్లు వెళ్లాలి. శనివారం సాయంత్రం మనిషి కోసం, ఆదివారం పొద్దున్న బొమ్మల కోసం. ప్రారంభం రోజునే బొమ్మలు చూద్దామనుకున్నవాళ్లు జనం వీపులు చూసి వస్తారు.

కార్డు మీద ఆరు గంటలని ఉంది. నువ్వు అయిదింటికే వెళ్లు. శనివారం సాయంత్రం ఆర్కే బీచ్ వైపు బండి పెట్టుకునే చోటు దొరకదు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర ఆటో దిగి నడిచిపో. బొకే వద్దు. అందరూ తెచ్చేది అదే, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక క్యాటలాగుల బల్ల మీద పెడతారు, నీళ్లు కారి అవి తడుస్తాయి. ఓ ఇడ్లీ పొట్లం, నీళ్ల సీసా పట్టుకెళ్లు. బొమ్మలు తగిలించే రోజు తిండి మాట ఎవరికీ గుర్తుండదు.

సంచిలో టేపు, పెన్ను, మెత్తటి పొడి గుడ్డ, అగ్గిపెట్టె, నాలుగు వత్తులు వేసుకో. నవ్వకు. సముద్రపు గాలికి తలుపు తీసి ఉంటే కుందిలో దీపం నిలవదు, ముఖ్య అతిథి పుల్ల మీద పుల్ల గీస్తూ ఉంటాడు. ముందే నూనెలో నానిన వత్తి కొసకి కాస్త కర్పూరం పొడి అద్దితే ఒక్క పుల్లకే అంటుకుంటుంది. కుందిని ఫ్యాను కింద పెట్టనివ్వకు, గోడకి దగ్గరగా అసలు పెట్టనివ్వకు. మసి బొమ్మ మీద పడితే మామూలు గుడ్డకి పోదు.

జనం రాకముందు గోడల వెంట ఒకసారి నడిచి చీటీలు సరిచూడు. చీటీ మీది నంబరు, ప్రైస్ లిస్టులో నంబరు ఒకటేనా? కొలతల్లో ఎత్తు ముందు రాస్తారు, వెడల్పు తరవాత. 24×36 అంగుళాలంటే అడ్డ బొమ్మ. నిలువు బొమ్మ పక్కన ఆ అంకె కనిపిస్తే చీటీలు తారుమారైనట్టే, ధర కూడా తారుమారైనట్టే. వాటర్ కలర్ల అద్దాల మీద వేలిముద్రలుంటే పొడి గుడ్డతోనే తుడువు. అద్దం మీద నేరుగా అద్దాలు తుడిచే ద్రవం చల్లితే అంచులోంచి దిగి మౌంట్ కాగితానికి మరక పడుతుంది. కాన్వాస్ జోలికి మాత్రం గుడ్డతో కూడా వెళ్లకు.

సభ మొదలయ్యాక ఆమెతో రెండు నిమిషాలకు మించి మాట్లాడకు. కొనేవాళ్లతో మాట్లాడాల్సిన పూట అది. "ఒక్కోటి ఎన్ని రోజులు పట్టింది?" అనే ప్రశ్న ఆమె ఆ సాయంత్రం ముప్ఫైసార్లు వింటుంది, ముప్ఫై ఒకటోది నీది కాకూడదు. విజిటర్స్ బుక్‌లో "చాలా బాగుంది" అని రాయకు. ఏ నంబరు బొమ్మ, అందులో ఏం పట్టి ఆపిందో ఒక్క వాక్యం రాయి. అదైతే ఆదివారం రాసినా ఫరవాలేదు.

ఆదివారం తెరిచిన గంటలోపే వెళ్లు. ముందు బొమ్మ కొలతకి రెండింతల దూరంలో నిలబడు, తరవాత పక్కకి జరిగి వాలు వెలుగులో చూడు. కుంచె ఎటు లాగిందో, ఎక్కడ గీకి మళ్లీ వేసిందో అప్పుడు తెలుస్తుంది. ఫోటో తీయాలంటే అడిగి తియ్యి, ఫ్లాష్ వద్దు. అద్దం ఉన్న బొమ్మలో నీ ముఖమే పడుతుంది. కాస్త పక్కకి జరిగి తీస్తే పడదు.

కొనాలనుందని నాకు తెలుసు. కొను, కానీ బేరమాడకు. చాలామంది చిత్రకారులు చదరపు అంగుళానికింత అని లెక్క కడతారు. ఉదాహరణకి 20 రూపాయలైతే 12×16కి 3,840, 24×36కి 17,280. స్నేహితులకి తగ్గించిందని తెలిస్తే పూర్తి ధర ఇచ్చినవాడు నొచ్చుకుంటాడు. గ్యాలరీ అయితే అందులో మూడో వంతు నుంచి సగం దాకా కమిషన్ పోవచ్చు. అద్దె హాలైతే అద్దె, ఫ్రేములు, కార్డులు అన్నీ ఆమె చేతి డబ్బే. డబ్బు కట్టాక చీటీ పక్కన ఎర్ర చుక్క అంటిస్తారు. ఆ మొదటి చుక్క శనివారం రాత్రే పడితే మిగతావాళ్లకి ధైర్యం వస్తుంది. అందుకని కొనేది మాత్రం శనివారమే తేల్చుకో.

బొమ్మ వెంటనే ఇవ్వరు, ప్రదర్శన అయ్యేదాకా గోడ మీదే ఉంటుంది. చివరి రోజు నేను వెళ్లి తెస్తాను. ఆయిల్ అయితే ఎన్ని నెలల క్రితం వేసిందో అడిగిపెట్టు. పైకి ఆరినట్టే ఉంటుంది కానీ లోపల ఆరడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. పచ్చిదాన్ని ప్లాస్టిక్‌లో బిగిస్తే అంటుకుపోతుంది. బాగా ఆరినదైతే ముందు బటర్ పేపర్, దాని మీద బబుల్ ర్యాప్, బుడగలు బయటికి ఉండాలి. లోపలికి ఉంటే ఎండలో రంగు మెత్తబడి గుండ్రటి అచ్చులు పడతాయి. ఆక్రిలిక్‌తో ఈ గొడవ మరీ ఎక్కువ.

సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్దువు. అందాకా లోపలి గదిలో, వర్షానికి తడవని గోడకే పెడతాను, వెనక బెండు ముక్కలు అంటించి గాలి ఆడేలా. అక్కడికి చేరాక కాన్వాస్ వదులైనట్టు కనిపిస్తే వెనక నుంచి బొటనవేలితో నొక్కకు. ఆయిల్ రంగైతే కొన్నేళ్లకి అక్కడ సాలెగూడు లాంటి పగుళ్లు వస్తాయి. చట్రం మూలల్లో చిన్న చెక్క చీలలుంటాయి, అవి కాస్త లోపలికి తడితే బిగుస్తుంది. చీలలు లేకపోతే దాని జోలికి పోకుండా నాకు ఫోన్ చెయ్యి.

బొమ్మ కొలత శనివారం రాత్రే చెప్పు, అట్టముక్కలు కోసి ఉంచుతాను.

నాన్న