స్క్రూడ్రైవరు తిరిగి ఇచ్చేశాను

న్యూయార్క్, ఫిబ్రవరి 2

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం దసరాకు అందింది, జవాబు ఇప్పుడు రాస్తున్నాను. తిట్టుకో, సగం తిట్లు నాకు ముందే తెలుసు. అందరం క్షేమం. అమ్మ వచ్చి నెలయింది, మోకాలి నొప్పి తగ్గింది. నా ఉద్యోగం ఊడలేదు. మంచు పడుతోంది. అసలు సంగతి వేరు. లలితకు సగమే చెప్పాను, మిగతా సగం నీకు.

మా కొత్త ఇల్లు నాలుగో అంతస్తు. కిటికీలకు అడ్డంగా ఇనుప కడ్డీలు. నాలుగో అంతస్తుకు ఏ దొంగ ఎక్కుతాడని నా వెటకారం. చేరిన రోజే రాజమండ్రి జైలని పేరు పెట్టాను. ఆదివారం కింది ఇంటి ముసలామె దగ్గర స్క్రూడ్రైవరు అరువు తెచ్చి, పీకేద్దామని అరగంట కుస్తీ పట్టాను. ఆ మరలు బిగుసుకోవడమే తప్ప విడిరావు! తయారుచేసినవాడికి బుద్ధి లేదనుకున్నాను.

గురువారం. ఈ పాత భవనాల్లో ఆవిరి వేడి మన చేతిలో ఉండదు, ఉక్కకు జనవరిలో కూడా కిటికీ తెరుస్తాం. ఆ వేడి పెట్టె ఉండేది సరిగ్గా కిటికీ కిందే, పైన చెక్క మూత. నేను ఫోనులో ఉన్నాను. రెండు నిమిషాలు, ఒట్టు. తిరిగి చూస్తే బుజ్జిగాడు ఆ చెక్క మీద నిలబడి, నుదురు కడ్డీలకు ఆనించి, ఒంటి బరువంతా వాటి మీదే వేసి, పావురాన్ని "రా, రా" అని పిలుస్తున్నాడు. మూడేళ్లురా వాడికి. నా కాళ్లు... సరే, వదిలెయ్.

సాయంత్రం స్క్రూడ్రైవరు తిరిగి ఇవ్వడానికి వెళితే చేతులు వణుకుతున్నాయి. అడిగింది, చెప్పేశాను. ఆమె ఒకప్పుడు హార్లెం ఆసుపత్రిలో నర్సట! 1975లో అక్కడికి పిల్లల శస్త్రచికిత్స విభాగానికి అధిపతిగా బార్బరా బార్లో అనే డాక్టరమ్మ వచ్చింది. ఎండాకాలం వస్తే చాలు, తెరిచిన కిటికీల్లోంచి పడ్డ పిల్లలు. కోసి, కుట్టి పంపితే ఆమె పని అయిపోయినట్టే. ఆమె అక్కడితో ఆగలేదు. ఎందుకు పడుతున్నారని లెక్కలు తీసింది. నగర ఆరోగ్యశాఖ 1972లోనే ఈ ఊళ్లోనే బ్రాంక్స్ అనే పేటలో ఉచితంగా కడ్డీలు పంచి చూసింది. 1976లో చట్టం వచ్చింది: పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలున్న ఇంటికి యజమానే పెట్టించాలి. సందు 4½ అంగుళాలు మించకూడదు, పసివాడి ఒళ్లు దూరకుండా. ఆ తరవాత హార్లెం ఆసుపత్రికి కిటికీల నుంచి పడి వచ్చే పిల్లలు 96 శాతం తగ్గారట! నూటికి నలుగురురా. మరలు విడిరానిది నాలాంటి తండ్రుల కోసమేనని అప్పుడు వెలిగింది.

అక్కడితోనూ ఊరుకోలేదు ఆ మహాతల్లి. 1988 నుంచి ఆటస్థలాల మీద పడింది. విరిగిన ఆటసామాన్లు, గాజు పెంకులు, అన్నీ ఫొటోలు తీయించి అధికారుల ముందు పెట్టింది.

నీ సంగతి గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. డాబా మీది నుంచి పడితే పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించారు. మీ నాన్నగారు కట్టించింది నీ చేతికే, పిట్టగోడ మాత్రం ఈనాటికీ లేదు! మళ్లీ అదే డాబా మీద మనిద్దరం ఆ పటాల పందెం... (సుబ్బాయమ్మ గారి అప్పడాలు. నోరు మూసుకో.) నువ్వు పడ్డది గ్రహపాటన్నారు అందరూ. మా అమ్మ ఇక్కడా గురువారం రాత్రి ఉప్పు దిష్టి తీసింది. వద్దనలేదు. కానీ దిష్టి పావురానిదా నాదా, నువ్వే చెప్పు.

ప్రతి జనవరిలో యజమాని ఒక కాగితం పంపుతాడు, ఇంట్లో పిల్లలున్నారా, కడ్డీలున్నాయా అని. ఫిబ్రవరి 15లోగా తిరిగి ఇవ్వాలి. నేను దాన్ని కందిపప్పు డబ్బా కింద పరిచాను. ఇప్పుడే తీశాను, నూనె మరక పడింది, అయినా నింపుతున్నాను. ఆ వేడి పెట్టె పక్కన కుర్చీలు లేకుండా చేశాను కానీ, లలితకు స్క్రూడ్రైవరు సంగతి ఎలా...

ఉండు, లోపల కుర్చీ ఈడుస్తున్న చప్పుడు. లేచాడు వెధవ. మిగతాది తరవాత

నీ
రాము