డెత్ మెటల్ వేరు, డెత్‌కోర్ వేరు

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మా సికింద్రాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో జరిగిన బ్యాండ్ల పోటీ గురించి మీ పత్రిక జిల్లా పేజీలో వార్త వచ్చింది. చివర్లో వాయించిన రెండు బృందాలనూ కలిపి డెత్ మెటల్ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఫొటో కింద కూడా అదే మాట. ఆ రోజు సౌండ్ చూసుకున్నది నేనే. ఆ రెండింట్లో ఒకటే డెత్ మెటల్ వాయించింది. రెండోది వాయించింది డెత్‌కోర్. రెండూ గుర్రుమనే గొంతుతో, బరువైన గిటార్లతో సాగే రాక్ సంగీతాలే, కానీ రకాలు వేరు.

పేరు దగ్గర పొరపాటే కదా అని వదిలేసేవాణ్ణే. కానీ పోటీకి వచ్చిన జడ్జి ఒకరు రెండో బృందానికి మార్కులు తగ్గించి, డెత్ మెటల్ అన్నాక స్పీడ్ ఉండాలి, మీరు మధ్యలో ఆగిపోతున్నారు అని అందరి ముందూ చెప్పారు. ఆ పిల్లల ముఖాలు చూశాను. వాళ్లు ఆగిపోలేదు. అక్కడ నెమ్మదించడం కోసమే ఆ పాట కట్టుకున్నారు. నెలల తరబడి సాధన చేసినదాన్నే తప్పుగా లెక్కేస్తే ఎవరికైనా బాధే.

తేడా ఏమిటో నా పనిలోంచే చెబుతాను. మొదటి బృందం వాయించినంతసేపూ నా టెన్షన్ కిక్ డ్రమ్ మీదే. డబుల్ పెడల్ మీద రెండు కాళ్లూ ఆడుతుంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు ఉండదు. బాస్ కాస్త ఎక్కువైతే అంతా ముద్దయిపోతుంది. అందుకని కిక్‌లో లోతు శబ్దం తగ్గించి, పెడల్ తగిలే టకటకను పైకి తెచ్చాను. గిటార్లూ అంతే. ఒకే తీగ మీద పిక్‌ను కిందికీ పైకీ చకచకా ఆడిస్తుంటే స్వరం పక్క మెట్టు మీదికి, మళ్లీ ఆ పక్క మెట్టు మీదికి పాకుతూ పోతుంది. దీన్ని ట్రెమొలో పికింగ్ అంటారు. ఒక రిఫ్, అంటే తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరస, చెవికి పట్టేలోపే ఇంకోటి వస్తుంది. వెనక బ్లాస్ట్ బీట్, అంటే స్నేర్, కిక్, సింబల్ మూడూ తుపాకీ పేలినట్టు ఆగకుండా మోగడం. డెత్ మెటల్‌లో పాటను నడిపించేది రిఫ్.

రెండో బృందం ఎక్కగానే నా పని తిరగబడింది. ఏడు తీగల గిటార్లు, అడుగు తీగను ఇంకా కిందికి దించి శ్రుతి చేసుకున్నారు. డ్రమ్మర్ చేతి పక్కన చిన్న ఎలక్ట్రానిక్ ప్యాడ్. పాట మొదట్లో వీళ్లూ బ్లాస్ట్ బీట్లతోనే పరుగెత్తారు. తెలియనివాళ్లు అప్పటిదాకా విని ఇదీ డెత్ మెటలే అనుకుంటే తప్పులేదు. ఉన్నట్టుండి అన్నీ ఆగాయి. ఒక్క క్షణం నిశ్శబ్దం. డ్రమ్మర్ ప్యాడ్ మీద కొట్టాడు. సబ్ బాక్సుల్లోంచి, అంటే లోతు శబ్దాల కోసం పెట్టే పెద్ద స్పీకర్లలోంచి, చెవికంటే ముందు కడుపుకి తగిలే లోతైన శబ్దం ఒకటి జారుతూ వచ్చింది. దీన్నే డ్రాప్ అంటారు. నా డెస్క్ మీద బాటిల్లో నీళ్లు రింగులు తిరిగాయి. అక్కడి నుంచి వేగం సగం. గిటార్లు, బాస్, కిక్ మూడూ ఒకే దెబ్బగా, మధ్య మధ్య ఖాళీ వదిలి కొట్టడం మొదలుపెట్టాయి. ఇదే బ్రేక్‌డౌన్. అప్పటిదాకా నిలబడి తలలూపుతున్న కుర్రాళ్లు వలయంగా చోటు చేసుకుని ఒకరి మీద ఒకరు పడి గెంతారు. బోనాల ఊరేగింపులో డప్పు దరువు మారగానే గుంపు ఎలా కదులుతుందో చూసినవాళ్లకి ఇది అర్థమవుతుంది. డెత్‌కోర్ పాట ఎదురుచూసేది ఆ క్షణం కోసమే.

రెండింటి పుట్టుకా వేరు. 1985లో కాలిఫోర్నియా నుంచి పొసెస్డ్ బృందం తెచ్చిన సెవెన్ చర్చెస్, 1987లో ఫ్లోరిడా కుర్రాడు చక్ షుల్డినర్ డెత్ బృందంతో తెచ్చిన స్క్రీమ్ బ్లడీ గోర్, తొలి డెత్ మెటల్ ఆల్బమ్ ఏదన్న వాదన ఈ రెంటి మధ్యే నడుస్తుంది. తర్వాత టాంపాలోని మోరిసౌండ్ స్టూడియో దానికి పుట్టిల్లు లాంటిదయింది. డెత్‌కోర్ 2000 తర్వాతిది. హార్డ్‌కోర్ పంక్ అనే దూకుడు రాక్ వినే కుర్రాళ్లు తమ బ్రేక్‌డౌన్లకు డెత్ మెటల్ గొంతునీ బరువునీ జోడించారు. మాంట్రియల్ నుంచి డిస్పైజ్డ్ ఐకాన్, కాలిఫోర్నియా నుంచి సూయిసైడ్ సైలెన్స్, టెనెసీ నుంచి వైట్‌చాపెల్ బృందాలు వచ్చాయి. మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్ రోజుల్లో ఇది ఊరూరా పాకింది.

తేడా చెవితో పట్టుకోవాలంటే జాబ్ ఫర్ ఎ కౌబాయ్ అనే అరిజోనా బృందాన్ని వినమంటాను. 2005లో వాళ్లు తెచ్చిన డూమ్ అనే రికార్డు డెత్‌కోర్. 2007లో తెచ్చిన జెనెసిస్ అనే ఆల్బమ్ డెత్ మెటల్. ఒకే బృందం పేరు మీద రెండు దారులు. మన హైదరాబాద్ బృందం గాడ్‌లెస్ వాయించేది కూడా డెత్ మెటలే.

డెత్ మెటల్ అభిమానులతోనూ నాకొక తగువుంది. డెత్‌కోర్ అంటే పిల్లకాయల గెంతులని చాలామంది కొట్టిపారేస్తారు. వాళ్లు నెత్తిన పెట్టుకునే న్యూయార్క్ బృందం సఫొకేషన్ 1991లోనే ఎఫిజీ ఆఫ్ ద ఫర్గాటెన్ ఆల్బమ్‌లో అలా బరువుగా నెమ్మదించే ఘట్టాలు పెట్టింది. తర్వాతి తరం ఆ ఘట్టాలను పట్టుకునే పాటలు కట్టింది. ఇందులో చిన్నచూపు చూడాల్సింది ఏముందో నాకు తెలియడంలేదు.

మీ వార్తలో గొంతు చించుకుంటున్నారన్న మాట కూడా ఉంది. రెండింట్లోనూ పాడేది సాధన చేసిన గొంతుతోనే. డెత్ మెటల్‌లో ఎక్కువగా ఛాతీలోంచి వచ్చినట్టుండే గుర్రు ఒకటే పాటంతా సాగుతుంది. డెత్‌కోర్ గాయకుడు అడుగు నుంచి కీచు దాకా ఒక్క ఊపిరిలో ఎక్కి దిగుతాడు. 2021లో లోర్నా షోర్ అనే డెత్‌కోర్ బృందం పాటతో పేరు తెచ్చుకున్న గాయకుడు విల్ రామోస్ గొంతులోకి కెమెరా పంపి, పాడేటప్పుడు లోపల ఏం జరుగుతుందో చూపించిన వీడియో ఉంది. చూస్తే ఆ మాట మళ్లీ రాయరు.

పాటల సాహిత్యం కూడా చావులూ నెత్తురూ మాత్రమే కాదు. వైట్‌చాపెల్ 2019లో తెచ్చిన ద వ్యాలీ ఆల్బమ్, ఆ బృందం గాయకుడు మానసిక వ్యాధి ఉన్న తల్లి దగ్గర గడిపిన బాల్యం మీద కట్టింది.

కాలేజీలకు నా విన్నపం ఒకటే. ఇలాంటి పోటీలకు ఈ సంగీతం తెలిసినవాళ్లను ఒక్కరినైనా జడ్జిగా పిలవండి. లేదా పిల్లలు ఏ రకం వాయిస్తున్నారో ముందే అడిగి రాసుకోండి.

సామాన్లు సర్దేటప్పుడు ఆ డ్రమ్మర్ నా దగ్గరికి వచ్చి, "అన్నా, డ్రాప్ సరిగ్గా వచ్చిందా?" అని అడిగాడు. మార్కుల సంగతి ఎత్తలేదు. బ్రహ్మాండంగా వచ్చిందని చెప్పాను.

మీ ఫొటోలో ఎడమవైపు ఉన్నది ఆ బృందమే. ఫొటో కింది మాటను డెత్‌కోర్ అని సరిచేసి వేయండి. వాళ్లు కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
ఒక సౌండ్ ఇంజనీర్, సికింద్రాబాద్