బెల్లు మోగాక చేసే పనికి బిల్లు లేదు

సంపాదకుడు గారికి, నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతి ఏడాదీ ప్రభుత్వ జూనియర్ కళాశాలల ఉత్తీర్ణత శాతం మీద పత్రికల్లో రెండు మూడు రోజులు చర్చ నడుస్తుంది. శిథిల భవనాలు, కార్పొరేట్ కళాశాలల పోటీ, పిల్లల చేతుల్లోని ఫోన్లు, అన్నీ అందులోకి వస్తాయి. ఆ తరగతి గదుల్లో పాఠం చెబుతున్నది ఎవరు, ఏ షరతుల మీద చెబుతున్నారు అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో చాలా కాలం అర్థశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ని. నా సర్వీసు చివరి సంవత్సరాల్లో స్టాఫ్ రూములో రెగ్యులర్ లెక్చరర్లకన్నా, ఖాళీ పోస్టుల్లో ఏడాదికని తాత్కాలికంగా తీసుకునే గెస్ట్ లెక్చరర్లే ఎక్కువ మంది కనిపించేవారు. వారి బోధన గురించి, పిల్లలతో వారి సంబంధం గురించి రాయాలనిపించింది.

తెలంగాణ ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో గెస్ట్ లెక్చరర్‌కు కొన్నేళ్లుగా ఇస్తున్నది పీరియడ్‌కు రూ.390. నెలకు గరిష్ఠంగా 72 పీరియడ్లు. అన్నీ పూర్తిగా తీసుకుంటే చేతికొచ్చేది రూ.28,080. అన్నీ పూర్తిగా దొరికే నెల ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుందో కళాశాల క్యాలెండర్ చూసిన ఎవరికైనా తెలుస్తుంది. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, అర్ధ సంవత్సర పరీక్షలు, ప్రాక్టికల్స్, ఎన్నికల డ్యూటీ కోసం కళాశాల మూతపడిన రోజులు, వీటన్నింటా పీరియడ్ ఉండదు కాబట్టి డబ్బూ ఉండదు. ఇక వేసవి సంగతి చెప్పనక్కర్లేదు. ఆ వచ్చేది కూడా నెలనెలా రాదు. బిల్లులు నెలల తరబడి ఆగడం మామూలైపోయింది.

జీతం తక్కువన్న ఫిర్యాదు పాతదే. నా బాధ వేరు. పీరియడ్‌కు ఇంత అని కొలిచినప్పుడు ప్రభుత్వం కొంటున్నది బెల్లుకూ బెల్లుకూ మధ్య జరిగే బోధనను మాత్రమే. మా కళాశాలలకు వచ్చే పిల్లవాడు గట్టెక్కేది, మునిగిపోయేది ఎక్కువగా ఆ బెల్లు మోగిన తరువాత.

మా మహబూబాబాద్ ప్రాంతం సంగతే చూడండి. దసరా సెలవుల తరువాత కళాశాల తెరిచే సమయానికి పత్తి ఏరడం మొదలవుతుంది. మొదటి సంవత్సరం తరగతిలో ఆడపిల్లల బెంచీలు ఖాళీ అవుతాయి. సంక్రాంతి దాటాక మిరప కోతలు. హాజరు పట్టీలో వరసగా 'ఆబ్సెంట్' పెట్టుకుంటూ పోవచ్చు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. మా దగ్గర కామర్స్ చెప్పిన ఒక గెస్ట్ లెక్చరర్ అలా చేసేది కాదు. రాని పిల్ల పక్కన కూర్చునే పిల్లను అడిగి సంగతి తెలుసుకునేది. సాయంత్రం ఇంటికి ఫోన్ చేసేది. 'ఎందుకు పంపలేదు' అని తల్లిని నిలదీయడం నేనెప్పుడూ వినలేదు. 'మీ చేను ఏరడం ఎన్నాళ్లకు అయిపోతుందమ్మా' అని అడిగేది. ఆ రోజులకు సరిపడా నోట్సు ఎవరి చేతనో పంపించి, అమ్మాయి తిరిగి వచ్చాక మొదటి పీరియడ్‌కు అరగంట ముందే కూర్చోబెట్టి వెనకబడిన పాఠం చెప్పేది. అరగంటకు పీరియడ్ లెక్క రాదు. ఫోనుకు అసలే రాదు. ఆ పిల్లలు మాత్రం పరీక్ష ఫీజు కట్టే తేదీకి కళాశాలలోనే ఉన్నారు. అది ఏ నివేదికలోనూ కనిపించదు.

జంతుశాస్త్రం చెప్పిన ఇంకొక యువకుడిది పక్క మండలంలోని తండా. పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఇక్కడికొచ్చి ఇంగ్లిష్ పుస్తకం చేతపట్టుకుని బిక్కమొహం వేసే పిల్లలు మా దగ్గర చాలామంది. అతను పాఠాన్ని ముందు తెలుగులో, అవసరమైన చోట లంబాడీలో విప్పి చెప్పి, ఆ తరువాతే పుస్తకంలోని ఇంగ్లిష్ వాక్యాన్ని బోర్డు మీద రాసేవాడు. మొదటి వారంలో నోరు విప్పని పిల్లలు నెల తిరిగేసరికి అతణ్ని స్టాఫ్ రూము దాకా వెంబడించి సందేహాలు అడిగేవారు. ఆ చనువు శిక్షణ తరగతుల్లో నేర్పితే వచ్చేది కాదు. అతనూ ఆ పిల్లలూ పొద్దున ఎక్కేది ఒకే బస్సు. జిల్లా కేంద్రం నుంచో హనుమకొండ నుంచో వచ్చి సాయంత్రం రైలు కోసం గడియారం చూసుకునే నా వంటి రెగ్యులర్ లెక్చరర్లకు అది సులువుగా అబ్బేది కాదని ఒప్పుకోవడానికి నాకు నామోషీ ఏమీ లేదు.

గెస్ట్ లెక్చరర్లందరూ ఇలాంటివారే అంటే అబద్ధమవుతుంది. ఉదయం ప్రైవేటు కళాశాలలో, పదకొండు గంటలకు మా దగ్గర, సాయంత్రం ట్యూషన్ సెంటర్లో చెప్పే భౌతికశాస్త్రం లెక్చరర్‌ను కూడా చూశాను. ఫిబ్రవరి వచ్చినా అతనికి పిల్లల పేర్లు రాలేదు. బెల్లు కొట్టగానే బండి స్టార్ట్ చేసేవాడు. ఇద్దరు పిల్లలున్న మనిషి, నాలుగు నెలలుగా బిల్లు రాని మనిషి, ఇంకేం చేస్తాడు?

ఇందులో మరొక చిక్కు ఉంది. వచ్చే ఏడాది మళ్లీ అవకాశం దక్కాలంటే ఫలితాలు బాగుండాలి, ప్రిన్సిపాల్ మెచ్చుకోవాలి. దాంతో బోధన మెల్లగా 'ఇంపార్టెంట్ ప్రశ్నల' వైపు ఒరిగిపోతుంది. సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేందుకు ఓపిక ఉన్నవారు కూడా పది ప్రశ్నలు బట్టీ పట్టించి గండం గడుపుకుంటారు. అల్లరి చేసే కుర్రవాణ్ని గట్టిగా మందలించడానికి వెనకాడతారు. రేపు వాడి తండ్రి ఏ నాయకుణ్ని వెంటబెట్టుకుని వస్తాడో అన్న భయం. పిల్లలకు ఇవన్నీ తెలుసు. 'వచ్చే ఏడాది కూడా మీరే చెబుతారా సార్' అని అడుగుతుంటారు. దానికి ఆ లెక్చరర్ దగ్గర జవాబు ఉండదు.

ఇంటర్ రెండేళ్ల చదువు. గెస్ట్ లెక్చరర్ నియామకం ఒక విద్యా సంవత్సరానిది. మొదటి సంవత్సరంలో పిల్లల ఇంటి పరిస్థితి, ఎవరికి ఎక్కడ అర్థం కావడం లేదో తెలుసుకున్న మనిషి రెండో సంవత్సరం మొదటి రోజున అక్కడ ఉండడు. కళాశాలలు జూన్‌లో తెరుచుకుంటాయి. కొనసాగింపు ఉత్తర్వు కోసం వారాల తరబడి ఎదురుచూడటం నేను పనిచేసినన్నాళ్లూ చూశాను. ఆ వారాల్లో ఖాళీ పీరియడ్లకు పిల్లలు మైదానంలో ఉంటారు, కొందరు పక్కనున్న ప్రైవేటు కళాశాలలో చేరిపోతారు.

2022 డిసెంబరులో 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, 2025 మార్చిలో నియామక పత్రాలు అందజేశారు. రెగ్యులర్ పోస్టులు భర్తీ కావడం మంచిదే, పరీక్ష రాసి నెగ్గి వచ్చినవారిని మనసారా స్వాగతిస్తాను. అయితే వారి రాకతో గెస్ట్ లెక్చరర్లు చాలా చోట్ల ఇంటి దారి పట్టాల్సి వచ్చింది. తరగతి గురించి వారికి తెలిసినదంతా వారితోనే వెళ్లిపోయింది. స్టాకు రిజిస్టరులోని మైక్రోస్కోపులను చార్జి ఇచ్చేటప్పుడు సంతకాలు తీసుకుంటాం. ఫలానా పిల్ల తండ్రి లేనిదనీ, ఫలానా కుర్రవాడు రాత్రిపూట పెట్రోలు బంకులో పనిచేస్తాడనీ చార్జి ఇచ్చే పద్ధతి మన దగ్గర లేదు. దానికి ఖర్చు ఒక నోటు పుస్తకం.

డబ్బు లేదని అధికారులు అంటారు. విశ్వవిద్యాలయాలు, డిగ్రీ కళాశాలల్లో గెస్ట్ ఫ్యాకల్టీకి ఉపన్యాసానికి రూ.1,500, నెలకు రూ.50,000 మించకుండా ఇవ్వాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2019 జనవరిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. జూనియర్ కళాశాలలు యూజీసీ కిందికి రావు, నిజమే. అయినా అదే పీజీ పట్టా ఉన్న మనిషికి పీరియడ్‌కు రూ.390 ఏ లెక్క ప్రకారం న్యాయమో ఎవరైనా చెబితే వినాలని ఉంది. గుజరాత్‌లో నెలకు రూ.30,000కు పనిచేస్తున్న కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ జాయ్‌మాల్య బాగ్చీల సుప్రీంకోర్టు ధర్మాసనం 2025 ఆగస్టులో తీర్పు ఇస్తూ, సభల్లో 'గురుబ్రహ్మ గురువిష్ణు' అని వల్లిస్తే చాలదని గట్టిగానే చెప్పింది. సెప్టెంబరు 5న మన జిల్లాల్లో జరిగే సన్మానాల వేదికల మీద ఆ తీర్పు ప్రతి ఒకటి పెట్టవచ్చు.

పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష రాయకుండా వెనక ద్వారం గుండా వచ్చినవారికి ఇన్ని సౌకర్యాలా అని కొందరు మిత్రులు నాతో వాదించారు. వారిని పర్మనెంట్ చేయమని నేను అడగడం లేదు. పోస్టులు కమిషన్ ద్వారా, రిజర్వేషన్ల ప్రకారమే భర్తీ కావాలి. భర్తీ అయ్యేదాకా ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని కుదురుగా పనిచేయనివ్వమంటున్నాను. పీరియడ్ లెక్క తీసేసి విద్యా సంవత్సరం పొడవునా నెలకు ఇంత అని స్థిరమైన వేతనం ఇవ్వాలి. ఫోన్లు, ఇంటి సందర్శనలు, పొద్దుటి అరగంటలు అందులో పనిగానే లెక్కకు రావాలి. రెగ్యులర్ లెక్చరర్ రానంత వరకు మొదటి సంవత్సరం చెప్పినవారే రెండో సంవత్సరానికీ కొనసాగాలి. ఉత్తర్వులు మే నెలలోనే వెలువడాలి. వీటిలో వేతనం ఒక్కటే ఆర్థిక శాఖ దాకా వెళ్లాలి, మిగతావి ఇంటర్ విద్యాశాఖ తలచుకుంటే అయ్యేవే.

మీకూ ఒక విన్నపం. ఫలితాల రోజున జిల్లాల వారీగా ఉత్తీర్ణత శాతాల పట్టిక మీరు వేస్తారు. ఈసారి దాని పక్కన ఇంకో రెండు గడులు చేర్చండి. ఆ జిల్లాలో ఎన్ని పోస్టుల్లో గెస్ట్ లెక్చరర్లు పాఠం చెప్పారు, వారి చేతికి ఉత్తర్వు ఏ నెలలో అందింది.

- విశ్రాంత జూనియర్ లెక్చరర్, మహబూబాబాద్ జిల్లా