తారల జీతాలు, బెంచీ బలం

సంపాదకులకు నమస్కారం.

ఒక్క స్టార్ ఆటగాడి కోసం ఫుట్‌బాల్ క్లబ్బులు ఖజానా ఖాళీ చేసుకొని, గాయాలైతే దింపడానికి సరైన డిఫెండర్ కూడా లేని స్థితికి రావడం బాధాకరం. 2017లో నెయ్‌మార్‌కు 22.2 కోట్ల యూరోలు వెచ్చించిన పారిస్ సెయింట్ జర్మేన్, 2021లో మెస్సీని కూడా తెచ్చుకొని, ఎంబాపేతో కలిపి ముగ్గురినీ ఆడించినా యూరప్ క్లబ్బుల అతిపెద్ద టోర్నీ అయిన ఛాంపియన్స్ లీగ్ గెలవలేదు. వారు వెళ్లిపోయాక, 2025లో మ్యూనిచ్‌లో జరిగిన అదే టోర్నీ ఫైనల్లో ఇంటర్ మిలాన్‌ను 5-0తో ఓడించింది. అందులో ఐదో గోల్ చేసిన మయూలు బెంచీ మీది నుంచి వచ్చిన కుర్రాడు. ఆ జట్టు చవగ్గా కుదిరిందేమీ కాదు, నిజమే. కానీ డబ్బు ఒక్కచోటే పోగుపడలేదు. ఐదుగురు సబ్‌స్టిట్యూట్లకు అవకాశమున్న ఈ రోజుల్లో, పెద్ద ఒప్పందంపై సంతకం చేసేముందు క్లబ్బులు పన్నెండో ఆటగాడి నుంచి పదహారో ఆటగాడి వరకు ఎవరున్నారో చూసుకోవాలని నా మనవి.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని