నేను మా అబ్బాయికి తండ్రినేనని రుజువైన వైనం

ఎడిసన్, న్యూజెర్సీ
నవంబరు 2025

ఒరేయ్ లెక్కల మాస్టారూ,

నీ ఉత్తరం అందింది. చేత్తో నాలుగు పేజీలు రాసి, ఫొటో తీసి పంపావు చూడు, అది చూసి మీ చెల్లెలు కూడా మురిసిపోయింది. నీ దస్తూరీ ఏమీ మారలేదు. నల్లబల్ల మీద రాసినట్టే వరస కుడివైపుకి పోనుపోను పైకెక్కుతోంది. మీ పెద్దవాడికి అమెరికా పౌరసత్వం వచ్చిందని, మీ ఇద్దరికీ గ్రీన్‌కార్డుకి దరఖాస్తు పెడతానంటున్నాడని రాశావు. సంతోషం. ఏం చెయ్యాలో మూడు ముక్కల్లో చెప్పమన్నావు. మూడు ముక్కల్లో తేలే పనయితే నేను రెండేళ్ళు కాగితాల సంచీ భుజాన వేసుకుని తిరిగేవాణ్ణా? భోంచేసి, పడక్కుర్చీలో కూర్చుని చదువు.

మా వాడు 2022లో పౌరుడయ్యాడు. తల్లిదండ్రులకి దరఖాస్తు పెట్టాలంటే బిడ్డ ఇక్కడి పౌరుడై ఉండాలి, 21 ఏళ్ళు నిండి ఉండాలి. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాడు పెట్టలేడు. పౌరుల భార్యాభర్తలకి, 21 లోపు పెళ్ళికాని పిల్లలకి, తల్లిదండ్రులకి ఏటా ఇన్ని వీసాలే అన్న పరిమితి లేదు. అది విని ఆరు నెలల్లో అయిపోతుందని సంబరపడ్డాను. వరస లేకపోవడం వేరు, కాగితం కదలడం వేరు. మొదటి మెట్టు ఐ-130 అనే దరఖాస్తు. అది మనిషికొకటి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో పెడితే ఒక్కొక్కదానికి 625 డాలర్లు, కాగితం మీద పెడితే 675. ఆలుమగలం కదా, ఒకే దరఖాస్తులో పోదాం అంటే కుదరదు. అలా నాదొక దారి, మీ చెల్లెలిదొక దారి అయ్యాయి.

తల్లి కేసుకి అడిగేది కొడుకు జనన ధ్రువపత్రం, అందులో తల్లి పేరు. అంతే. తండ్రికి అది చాలదు. ఆ తల్లితో తనకి పెళ్ళయినట్టు కాగితం కూడా చూపించాలి. నలభై ఏళ్ళు ఆ వెధవకి ఫీజులు కట్టి, చెవి మెలిపెట్టి, సైకిలు నేర్పినవాణ్ణి నేనేనని మన వీధి మొత్తానికి తెలుసు. వాషింగ్టన్‌కి తెలియదు కదా!

ముందు జనన పత్రం సంగతి. మా వాడు 1982లో పుట్టాడు. మునిసిపాలిటీ నుంచి పత్రం తీయిస్తే, పేరు ఉండాల్సిన గడిలో అడ్డగీత ఉంది. కింద ‘మగ’ అని మాత్రం ఉంది. ఆ రోజుల్లో నర్సింగ్‌హోము వాళ్ళు పుట్టిన వెంటనే కబురు పంపేవారు. బారసాలనాడు మనం పెట్టిన పేరు పట్టుకెళ్ళి చేర్పించాలని ఎవరికి తోచింది? నలభై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, మన ఊరి లెక్కల్లో ఇంకా పేరులేని మగశిశువే. వాడి పదో తరగతి సర్టిఫికెట్టు, నోటరీ అఫిడవిట్టు పెట్టి పేరు చేర్పించేసరికి రెండు నెలలు. పైగా అందులో మీ చెల్లెలి పేరు చివర ‘అమ్మ’ ఉంది, పాస్‌పోర్టులో ఆ ‘అమ్మ’ లేదు. “అమ్మ అని రాసే ఉంది కదండీ, ఇంకేం రుజువు కావాలి?” అన్నాను గుమాస్తాతో. నవ్వలేదు. ఇద్దరూ ఒక్కరేనని మరో అఫిడవిట్టు రాయించుకొచ్చాను. నువ్వు చేయాల్సిన మొదటి పని ఇదే. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ బల్ల మీద పరిచి, అందరి పేర్లూ అక్షరం అక్షరం సరిపోల్చుకో. ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉందా, పూర్తిగా ఉందా కూడా చూడు. పరీక్ష పేపర్లు దిద్దిన కళ్ళే కదా నీవి.

మన జనన పత్రాలు కూడా అడుగుతారు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో, అమలైంది 1970లో. మనవి ఎక్కడుంటాయి? ‘రికార్డు లేదు’ అని మునిసిపాలిటీ ఇచ్చే పత్రం, దానితో పాటు ఎస్సెస్సెల్సీ పుస్తకం, మనం పుట్టిన సంగతి ఎరిగిన పెద్దవాళ్ళ అఫిడవిట్లు పెట్టాం. డెబ్భయ్యేళ్ళవాడు పుట్టడం ఎరిగినవాళ్ళని ఎక్కణ్ణుంచి తేను? మా మేనత్త ఉంది కాబట్టి గట్టెక్కాను. ఎనభై ఆరేళ్ళ మనిషి, నోటరీ ముందు కూర్చుని నేను పుట్టిన రాత్రి పడిన వానతో సహా చెప్పింది. అది మార్గశిరమట. కాగితాల్లో మాత్రం నా పుట్టినరోజు జూలై 1. బడిలో వేసినప్పుడు హెడ్మాస్టరు రాసేసిన తేదీ. నేనాయన్ని తప్పుపట్టలేను. ఆ కుర్చీలో కూర్చున్నాక నేను కూడా వందలమంది పిల్లలకి జూలై 1 పుట్టినరోజు ప్రసాదించాను. వాళ్ళలో ఎందరు ఇప్పుడు ఏ దేశపు కిటికీ ముందు నిలబడి నన్ను తిట్టుకుంటున్నారో!

ఇక పెళ్ళి. 1979లో మా పెళ్ళికి నువ్వు వచ్చావు, గాడిపొయ్యి దగ్గర చొక్కా కాల్చుకున్నావు. కానీ నీ చొక్కా సాక్ష్యానికి పనికిరాదు. అప్పట్లో రిజిస్ట్రేషను ఎవరు చేయించుకున్నారు? 2022లో, 43 ఏళ్ళ కాపురం తరవాత, శుభలేఖ పట్టుకుని సాక్షుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి నమోదు చేయించుకున్నాం. మీ చెల్లెలు పట్టుచీర కట్టుకుంది. ఆఫీసులో మా పక్కన కూర్చున్న కొత్తజంట మమ్మల్ని వాళ్ళ తరఫు పెద్దలనుకున్నారు.

ఐ-130 ఆమోదం వచ్చాక ఫైలు వీసా కాగితాలు పరిశీలించే నేషనల్ వీసా సెంటర్‌కి పోతుంది. అక్కడ డీఎస్-260 అనే పెద్ద ఫారం, మనిషికి 325 డాలర్లు. పదహారేళ్ళ వయసు నుంచి ఎక్కడెక్కడ ఉన్నావో అన్నీ అడుగుతుంది. నా బదిలీలన్నీ గుర్తుచేసుకునేసరికి ఒక ఆదివారం గడిచింది. పాస్‌పోర్టు సేవా కేంద్రం నుంచి పోలీసు క్లియరెన్సు తెచ్చుకోవాలి. ఆ పక్కనే అబ్బాయి ఇచ్చే ఐ-864 అనే పోషణ హామీపత్రం, దానికి కేసుకి 120 డాలర్లు. దాని గురించి నీకు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ వాడు చదవకుండా సంతకం పెట్టే రకం. తన కుటుంబాన్నీ మనల్నీ కలిపి ఎంతమందో లెక్కవేసి, ఇక్కడి ప్రభుత్వం ప్రకటించే పేదరికపు గీతకి 125 శాతం ఆదాయం తనకుందని పన్ను పత్రాలతో చూపించాలి. చాలకపోతే ఇంకొకరు తోడు సంతకం పెట్టాలి. ఆ హామీ మనం పౌరులయ్యేదాకానో, సుమారు పదేళ్ళ పని మన ఖాతాలో పడేదాకానో, ఈ దేశం శాశ్వతంగా వదిలేదాకానో, చనిపోయేదాకానో ఉంటుంది. మన దగ్గరా 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది కానీ, అది కొడుకు అన్నం పెట్టనప్పుడు ఎక్కే మెట్లు. ఇది ముందే రాయించుకోవడం. మా వాడు సంతకం పెడుతుంటే వీడియోలో చూశాను. నాకు కొంచెం సిగ్గేసింది, ఎందుకో తెలియదు.

ఇంటర్వ్యూకి ముంబయి వెళ్ళాలి. హైదరాబాదులో కాన్సులేటు ఉంది కదా అనకు, మేము వెళ్ళింది ముంబయికే. వైద్య పరీక్ష వాళ్ళు గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి. ఛాతీ ఎక్స్‌రే, టీకాలు. ముందు రోజు వేలిముద్రలు ఒకచోట, మర్నాడు బాంద్రా కుర్లా కాంప్లెక్సులో ఇంటర్వ్యూ. మీ చెల్లెలితో తెలుగులోనే మాట్లాడించారు. ఎవరు పిలిపిస్తున్నారు, కొడుకు ఏం చేస్తాడు, మనవలెందరు, అంతే. అయిదు నిమిషాల్లో ఆమెకి వీసా ఖాయమైంది. నా వంతు వచ్చేసరికి అధికారి పెళ్ళి పత్రం అటూ ఇటూ తిప్పి, “ఇది 2022లో నమోదైంది, అప్పటి కాగితం ఏమైనా ఉందా?” అన్నాడు. శుభలేఖ చూపించాను, చాలలేదు. 221(జి) అనే చీటీ చేతిలో పెట్టాడు. పూర్తిగా తిరస్కరించినట్టు కాదు, ఇంకా రుజువులు తెమ్మని. రైల్లో మీ చెల్లెలు, “మీ రుజువులు దొరికేలోగా నేను వెళ్ళి మనవల్ని చూస్తుంటాను, నిదానంగా రండి” అంది. ఆ ఆనందం నువ్వు చూడాల్సింది.

నన్ను గట్టెక్కించింది ఏమిటో చెప్పనా? సర్వీస్ రిజిస్టరు, మన ఉద్యోగ చరిత్రంతా రాసే పుస్తకం. 1981లో ఉద్యోగంలో చేరినప్పుడు భార్య పేరు రాసి నామినేషను ఇచ్చాం గుర్తుందా? ఆ మరుసటేడు కొడుకు పేరు చేర్పించాను. ఎర్ర సిరాతో హెడ్మాస్టరు సంతకం, గుండ్రటి ముద్ర. ధ్రువీకరించిన నకలు పంపిన మూడు వారాలకి వీసా వచ్చింది. మునిసిపాలిటీ దగ్గర పేరులేని వాడికి నా జీపీఎఫ్ (ప్రావిడెంటు ఫండు) కాగితాల్లో పేరుంది. అందుకని రేపే వెళ్ళి నీ రిజిస్టరు నకలు తీయించు. నీది ఏ డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు బీరువాలో ఉందో ముందు అది తేల్చు.

ఇప్పుడు నీకు నచ్చని సంగతి. చిన్నవాణ్ణి కూడా మీతో తీసుకురావచ్చా అని అడిగావు. కుదరదు. తల్లిదండ్రుల కోవలో వెంట వచ్చేవాళ్ళకి చోటు లేదు. అన్న తమ్ముడికి దరఖాస్తు పెట్టవచ్చు, కానీ ఆ కోవకి ప్రపంచం మొత్తానికి ఏటా 65,000, ఒక్కో దేశానికి ఏడు శాతం గీత. మనవాళ్ళలో ఇప్పుడు వంతు వస్తున్నది 2006లో పెట్టినవాళ్ళకి. లెక్కల మాస్టారివి, తీసివేత నువ్వే చేసుకో. ఇంకో దారి, నీకు గ్రీన్‌కార్డు వచ్చాక నువ్వే వాడికి పెట్టడం. కానీ అది పెళ్ళికాని బిడ్డకే. దానికీ ఏళ్ళు పడుతుంది, మధ్యలో పెళ్ళి చేశావా, ఆ దరఖాస్తు చెల్లదు. ఆ కాకినాడ సంబంధం కుదిరితే ఖాయం చేసెయ్యి. వీసా కోసం పిల్లాడి పెళ్ళి ఆపడం చూశానిక్కడ, బాగుండదు.

అసలు నీకు గ్రీన్‌కార్డు కావాలా అన్నది నా ప్రశ్న. మనవల్ని చూసి రావడానికే అయితే సందర్శక వీసా చాలు, మామూలుగా వచ్చినప్పుడల్లా ఆరు నెలలు ఉండనిస్తారు. గ్రీన్‌కార్డు అంటే ఇక్కడ కాపురం ఉండటం. ఏడాది దాటి బయట ఉంటే ఆ కార్డుతో లోపలికి రానివ్వరు. ముందే ఇక్కడ ఉండగా రీఎంట్రీ పర్మిట్, అంటే తిరిగి రావడానికి అనుమతిపత్రం తీసుకోవాలి, అది కూడా మహా అయితే రెండేళ్ళు. మన పింఛను ఇక్కడి పన్ను పత్రంలో చూపించాలి. మన బ్యాంకుల్లో ఉన్నదంతా కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ లెక్క విడిగా ఇవ్వాలి. నీ ఫిక్సెడ్ డిపాజిట్లు ఎన్నో నాకు తెలుసు, దాచకు. 65 దాటినా మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య బీమా రావాలంటే అయిదేళ్ళు ఇక్కడే ఉండి ఉండాలి, అప్పటిదాకా బీమా కొనుక్కోవాల్సిందే. చెల్లెమ్మ మోకాళ్ళ సంగతి ఆలోచించుకో.

మొన్న వేసవిలో మన ఊళ్ళో అయిదు నెలలు ఉండి తిరిగొచ్చాం కదా. నెవార్క్ విమానాశ్రయంలో అధికారి కార్డు చూసి, “ఎక్కడ ఉంటారు?” అన్నాడు. నా నోట మన రామాలయం వీధి పేరు వచ్చేసేది, సగం వచ్చింది కూడా. మీ చెల్లెలు వెనకనుంచి చేయి గిల్లి, “ఎడిసన్” అంది. ఆమెకి తడుముకోవాల్సిన పనే లేదు. నేను కారులో ఇంటికొచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు నన్నడిగితే ఏం చెబుతానో నాకింకా తేలలేదు, అందుకే నిన్ను ముందే అడుగుతున్నాను. దరఖాస్తు పెట్టకముందే చెల్లెమ్మా నువ్వూ కూర్చుని మాట్లాడుకోండి, కొడుకుతో కాదు.

మార్చిలో వస్తున్నాను. అప్పటిదాకా అద్దెవాళ్ళు కొబ్బరిచెట్టు కొట్టిస్తామంటే ఒప్పుకోకు, బొండాలు మాత్రం నువ్వు దింపించుకో. రిజిస్టరు సంగతి ఏమైందో రాయి, ఈసారీ చేత్తోనే.

నీ
తెలుగు మాస్టారు