కత్తెరతో కోసిన బీపీ మాత్రలు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆరోగ్యశ్రీ పరిమితి ఏ రాష్ట్రంలో ఎంత అన్న వాదన కొంతకాలంగా పేపర్లో చదువుతూనే ఉన్నాను. 2023 డిసెంబరులో తెలంగాణ దాన్ని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. అదే నెలలో మన ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలన్నారు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. ఎవరు ఎక్కువ ఇస్తున్నారన్న పోటీ మాత్రం ఆగలేదు. నేను ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పీహెచ్‌సీ ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. లక్షల సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు. నాకు తెలిసింది పైసల సంగతి, అదే రాస్తాను.

సోమవారం మా దగ్గర బీపీ, షుగర్ వాళ్ల రోజు. ఎనిమిదిన్నరకే వరండా నిండిపోయేది. సరుకు నిండుగా ఉన్న నెలలో బీపీకి ఆమ్లోడిపిన్, షుగరుకు మెట్‌ఫార్మిన్ నెలకు సరిపడా ఇచ్చేవాణ్ణి. సరుకు తగ్గిన నెలలో పది రోజులకు. మరీ అడుగంటితే స్ట్రిప్పును కత్తెరతో సగానికి కోసి అయిదేసి మాత్రలు. ఎక్స్‌పైరీ తేదీ స్ట్రిప్పుకు ఒక కొసనే ఉంటుంది కదా, ఆ ముక్క చదువొచ్చినవాళ్లకు ఇచ్చేవాణ్ణి. చదువు రానివాళ్లకు ఏ ముక్కయినా ఒకటేలే అనుకునేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లే ఒకామె ఉండేది, యాభై ఏళ్ల మనిషి. ఒకసారి ముక్క చేతిలో పెట్టగానే, "సారూ, అయిదు రోజులకే ఇస్తే ఎట్టా? ఆటోకు రానుపోను అరవై. పైగా ఒకరోజు కూలి పాయె" అంది. "వచ్చే వారం సరుకొస్తదమ్మా, రా" అన్నాను. ఆమె వచ్చే వారం రాలేదు, ఆ పై వారమూ రాలేదు. ఉన్న మాత్రల్ని రోజు విడిచి రోజు వేసుకుందని, అవి అయిపోయాక తలనొప్పి వచ్చినప్పుడే మెడికల్ షాపులో రెండు కొనుక్కుందని తర్వాత తెలిసింది. నాలుగు నెలలకు ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. అప్పుడు ఆరోగ్యశ్రీ కార్డు పనిచేసింది, కాదనను. 108 వచ్చింది, నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే ఆ పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చేర్చుకున్నారు, రూపాయి అడగలేదు. ఇంటికొచ్చాక మళ్లీ నా కౌంటరు దగ్గరికే వచ్చారు. ఈసారి వచ్చింది ఆమె కాదు, చదువు మానేసి తల్లిని చూసుకుంటున్న కూతురు.

టెండరు ధరకు ఆమ్లోడిపిన్ మాత్ర పైసల్లోనే వస్తుంది. ఏడాది పొడుగునా రోజుకొకటి ఇచ్చినా ఒక మనిషికి రెండొందలు దాటదు. ఆమెకు ఆసుపత్రిలో అయిన ఖర్చు మాత్రం వేలల్లోనే. ఆ వేలు ప్రభుత్వమే కట్టింది. ఈ రెండొందలు సకాలంలో కట్టలేకపోయింది.

ఆరోగ్యశ్రీ వద్దని నేను అనడం లేదు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో అది మొదలైనప్పుడు సర్వీసులోనే ఉన్నాను. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే అనుకునే రోజులవి. కార్డుతో బయటపడ్డ ప్రాణాలను నేనూ చూశాను. అయితే ఆ కార్డు మంచం ఎక్కితేనే పనిచేస్తుంది. కొన్ని జబ్బులకు ఫాలోఅప్ మందులు ఇస్తారు గానీ, నడుచుకుంటూ వచ్చి డాక్టరుకు చూపించుకుని నెలనెలా మాత్రలు తీసుకునేవాడికి దానితో పనిలేదు. 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా అంతే, ఆసుపత్రిలో చేరడానికి మూడు రోజుల ముందు నుంచి, డిశ్చార్జి అయ్యాక పదిహేను రోజుల వరకు అయ్యే ఖర్చే ఇస్తుంది. బీపీ పదిహేను రోజుల్లో పోయే జబ్బా?

పోనీ పెద్ద పథకానికైనా డబ్బు సరిగ్గా అందుతోందా అంటే అదీ లేదు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు తీర్చమంటూ సేవలు ఆపేశాయి. వాళ్లకు సంఘం ఉంది, ప్రెస్ మీట్ పెడతారు, మంత్రి పిలిచి మాట్లాడతారు. పీహెచ్‌సీలో మాత్రలు అయిపోతే ఎవరు ప్రెస్ మీట్ పెట్టాలి? ఫార్మసిస్టు పెడితే మెమో వస్తుంది.

లోపల జరిగేది బయటివాళ్లకు తెలియదు కాబట్టి చెబుతాను. మూడు నెలలకోసారి మేం ఆన్‌లైన్లో ఇండెంట్, అంటే కావలసిన మందుల జాబితా పెడతాం. జిల్లాలోని సెంట్రల్ డ్రగ్ స్టోర్ నుంచి సరుకు రావాలి. ఆ స్టోరుకు సరుకు మందులు కొనే ప్రభుత్వ కార్పొరేషన్ టెండర్ల ద్వారా కంపెనీల నుంచి వస్తుంది. కంపెనీలకు పాత బిల్లులు చెల్లించకపోతే వాళ్లు కొత్త ఆర్డరు పక్కన పడేస్తారు. అప్పుడు మా ఇండెంటులో యాభై రకాలు అడిగితే ముప్పై వస్తాయి, అందులోనూ సగం సగం. లోకల్‌గా కొనుక్కోమని కొంత డబ్బు ఇస్తారు గానీ అది దెబ్బలకు, కుక్కకాట్లకు, అత్యవసరాలకే చాలదు. తప్పంతా పైవాళ్లదే అనను. ఇండెంట్ ఆలస్యంగా పెట్టిన రోజులు నాకూ ఉన్నాయి. ఒక ఏడాది మేం అడగని దగ్గు సిరప్ పెట్టెలకు పెట్టెలు దిగింది. దాన్ని ఎక్కడ సర్దాలో తెలియక కాన్పుల గదిలో పెట్టాం.

ఇంకా బోర్డుల సంగతి. నా సర్వీసులో మా కింద ఉన్న సబ్‌సెంటర్ల పేరు, గోడల రంగు ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు. ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్. 2023లో ఫ్యామిలీ డాక్టర్ పేరుతో పీహెచ్‌సీ డాక్టరును 104 బండిలో ఊళ్లకు పంపడం మొదలుపెట్టారు. మంచి ఆలోచనే, ముసలివాళ్లకు ఎంతో మేలు. కానీ బండిలో మందు లేని రోజున డాక్టరు చేసేది ఏముంది, ఇంటి గుమ్మం ముందే బయట కొనుక్కోమని చీటీ రాయడం తప్ప.

"డబ్బు ఎక్కడుంది?" అని అడుగుతారు. కేంద్రం 2017లో జాతీయ ఆరోగ్య విధానం ప్రకటిస్తూ, 2025 నాటికి ప్రభుత్వాలు ఆరోగ్యంపై పెట్టే ఖర్చును జీడీపీలో 2.5 శాతానికి తెస్తామంది. అందులో మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికే అని కూడా రాసుకుంది. కోవిడ్ ఖర్చులన్నీ కలిసిన 2021-22లో కూడా ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు జీడీపీలో 1.84 శాతమే. 2018 నుంచి మన ఆదాయపు పన్ను మీద విద్య, ఆరోగ్యం పేరిట 4 శాతం సెస్సు వేస్తున్నారు. నా పెన్షన్ మీద కూడా కట్టాను. సెస్సులో రాష్ట్రాలకు వాటా ఉండదు. ఆసుపత్రులు నడపాల్సిందేమో రాష్ట్రాలు.

న్యాయంగా చెప్పాలంటే కొంత మెరుగుపడింది కూడా. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉంటే, 2021-22 నాటికి 39.4కు తగ్గిందని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. జనం ఇంకా జేబులోంచి పెడుతున్న ఆ 39.4లో పెద్ద వాటా మందులదే. అంటే నా కౌంటరు దగ్గర "లేదు" అనిపించుకుని మెడికల్ షాపుకు వెళ్లినవాళ్ల డబ్బే.

పక్క రాష్ట్రాన్ని చూడండి. తమిళనాడు 1990ల మధ్యలోనే మందుల కొనుగోలుకు కార్పొరేషన్ పెట్టి, ప్రతి ఆసుపత్రికీ బ్యాంకు పాస్‌బుక్ లాంటిది ఇచ్చింది. అందులో ఆ ఆసుపత్రికి ఎంత విలువైన మందులు రావాలో రాసి ఉంటుంది, గోడౌన్‌కు వెళ్లి కావలసినవి తెచ్చుకుని అందులో కోత రాయించుకోవాలి. ఏది కావాలో ఆసుపత్రే చెబుతుంది, అడగని దగ్గు సిరప్ దిగదు. థాయిలాండ్ ఇంకా ముందే, 1980లలో కొన్నేళ్లు పట్టణాల్లో పెద్దాసుపత్రుల కొత్త కట్టడాలు ఆపి, ఆ డబ్బును పల్లెల దగ్గరి చిన్న ఆసుపత్రులకు మళ్లించింది. ఇరవై ఏళ్ల తర్వాత 30 బాట్లకే (బాట్ వాళ్ల రూపాయి) వైద్యం అని వాళ్లు ప్రకటించినప్పుడు, జనం వెళ్లడానికి ఊరి దగ్గర ఆసుపత్రంటూ ఒకటి ఉంది. మనకు అంత దూరమూ అక్కర్లేదు. బీపీ నియంత్రణకు కేంద్రం 2017 చివర్లో మొదలుపెట్టిన కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఎక్కడికక్కడ రిజిస్టరు, ఏ డాక్టరు చూసినా ఒకే క్రమంలో మందులు, ఒకసారి వస్తే కనీసం నెలకు సరిపడా మాత్రలు అన్నదే దాని పద్ధతి. చేయడం ఎలాగో మనకు తెలియక కాదు.

నేను అడిగేది చిన్నదే. బీపీ, షుగర్, ఫిట్స్, ఉబ్బసం మందులకు అయ్యే డబ్బును మిగతా ఆరోగ్య బడ్జెట్‌లో కలపకుండా విడిగా పెట్టండి. ప్రతి మూడు నెలలకూ మొదటి వారంలోనే విడుదల చేయండి. ఏ బకాయిలు తీర్చడానికైనా సరే, దానిలో చెయ్యి పెట్టవద్దు. పేషెంటుకు నెలకు తక్కువ ఇవ్వకూడదని, దూరపు ఊళ్లవాళ్లకు రెండు నెలలకు ఇవ్వాలని ఆర్డరు వేయండి. స్టాకు ఎంతుందో గోడ మీద సుద్దముక్కతో రాసి పెట్టమనండి. రాయడానికి మొదట్లో మావాళ్లు ఇష్టపడరు. నేనయితే ఇష్టపడేవాణ్ణి కాదు.

మీ పత్రికను కూడా ఒకటి అడగాలి. బీపీ, షుగర్ వాళ్లు వచ్చే రోజున మీ విలేకరిని ఏదైనా పీహెచ్‌సీకి చెప్పకుండా పంపండి. డాక్టరును, సూపర్‌వైజరును అడగొద్దు. మందుల కౌంటరు పక్కన గంటసేపు నిలబడి, బయటికొచ్చేవాళ్ల చేతిలో ఎన్ని రోజుల మాత్రలున్నాయో లెక్కపెట్టమనండి. మండలాల వారీగా ఆ అంకె జిల్లా పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
ఉమ్మడి ప్రకాశం జిల్లా